రేయాన్‌ను రేయాన్ పేరుతోనే అమ్మించండి: జౌళి, వినియోగదారుల శాఖల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి, ముంబైలోని జౌళి కమిషనర్ గారికి, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రధాన కమిషనర్ గారికి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల చేనేత జౌళి శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారములు.

నేను జౌళి రసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మా ప్రాంతంలోని దర్జీలు, అద్దకం పనివారు, అప్పుడప్పుడు పెళ్లిబట్టలు కొన్న కుటుంబాలవారు బట్ట ముక్కలు తెచ్చి ఇది ఏ రకం బట్టో చెప్పమని అడుగుతూ ఉంటారు. పరీక్షించి చూస్తే వాటిలో చాలావరకు రేయాన్ అని తేలుతుంది. దుకాణంలో వారికి చెప్పినది మాత్రం కాటన్ అనో, సిల్క్ అనో, ఈ మధ్య ఎక్కువగా వెదురు బట్ట అనో. ఈ విషయాన్ని మేము కొందరం సంతకాలు చేసి, బట్ట ముక్కలనూ బిల్లులనూ జతపరిచి అర్జీగా ఇచ్చాము. ఒక కార్యాలయం ఇది తమ పరిధిలోకి రాదని వేరొక కార్యాలయానికి పంపింది. అక్కడి నుంచి గుర్తుచేస్తూ రాసిన ఉత్తరాలకు కూడా జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు మీ అందరికీ కలిపి, ప్రజల ఎదుట ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. రేయాన్ చెడ్డ బట్ట అని ఈ లేఖ చెప్పడం లేదు. మెత్తగా ఒంటిమీద జారుతుంది, చెమట పీలుస్తుంది, రంగు బాగా పడుతుంది, సామాన్యుడికి అందే ధరలో దొరుకుతుంది. బట్టలో సహజంగా ఉండే తేమను కొలిచే ప్రమాణం ప్రకారం పత్తికి 8.5 శాతం, పట్టుకు 11 శాతం ఉంటే విస్కోస్ రేయాన్‌కు 13 శాతం ఉంటుంది. పాలిస్టర్‌కు ఇది 0.4 శాతం మాత్రమే. మన ఎండలకు రేయాన్ ఎందుకు హాయిగా ఉంటుందో ఈ అంకెలే చెబుతాయి. ప్రపంచంలో తయారయ్యే మొత్తం జౌళి నారలో దాదాపు 6 శాతం రేయాన్, దానిలాగే కలప గుజ్జు వంటి వాటి నుంచి తీసే నారల కుటుంబానికి చెందినదే. ఇంత వాడుకలో ఉన్న వస్తువు తన పేరుతో తాను అమ్ముడుపోవడం లేదన్నదే మా అభ్యంతరం. పేరు దాచడం వల్ల కొనేవారికి, కుట్టేవారికి, నేసేవారికి, ఆ నారను తయారుచేసే కార్మికులకు వేర్వేరు రకాల నష్టం జరుగుతోంది.

ఆ నష్టం ఎలాంటిదో అర్థం కావాలంటే రేయాన్ ఎలా తయారవుతుందో తెలియాలి. మీలో సాంకేతిక అధికారులకు ఇది తెలిసిన సంగతే అయినా, ఈ లేఖను ప్రజలు కూడా చదువుతారు గనుక కొంత వివరంగా చెప్పనివ్వండి.

రేయాన్‌కు మూలం కలప. జామాయిల్, సుబాబుల్, వెదురు, పైన్ వంటి చెట్ల కలపను ముక్కలు చేసి, రసాయనాలతో ఉడికించి, కలపను గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్‌ను తొలగిస్తే గుజ్జు వస్తుంది. కాగితం గుజ్జుకన్నా ఇది ఇంకా శుద్ధంగా ఉండాలి. అందులో ఆల్ఫా సెల్యులోజ్, అంటే మొక్కల నారకు ఆధారమైన సెల్యులోజ్ అనే పదార్థంలో శుద్ధమైన భాగం, 90 శాతానికి పైగా ఉంటేనే రేయాన్‌కు పనికివస్తుంది. అట్టలుగా వచ్చిన ఈ గుజ్జును సుమారు 18 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెట్టి, పిండి, చిన్న చిన్న తునకలుగా చీల్చి, కొంతకాలం మాగబెడతారు. ఆ తరువాత మూసి ఉన్న పాత్రలో దానిని కార్బన్ డైసల్ఫైడ్‌తో కలుపుతారు. సెల్యులోజ్ బరువులో దాదాపు మూడో వంతు వరకు ఈ రసాయనం పడుతుంది. అప్పుడు గుజ్జు నారింజ రంగు తునకలుగా మారుతుంది. వీటిని పలుచని కాస్టిక్ సోడాలో కరిగిస్తే చిక్కని ద్రవం వస్తుంది. విస్కోస్ అంటే ఇదే. దీనిని వడకట్టి, గాలి బుడగలు తీసివేసి, అతి సన్నని రంధ్రాలున్న స్పిన్నరెట్ అనే మూతి గుండా, జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు, సల్ఫ్యూరిక్ ఆమ్లం, సోడియం సల్ఫేట్, జింక్ సల్ఫేట్ కలిపిన తొట్టిలోకి నెడతారు. ఆమ్లం తగలగానే ద్రవం తిరిగి గట్టి సెల్యులోజ్ పోగులుగా మారుతుంది. సరిగ్గా ఆ దశలోనే, ముందు కలిపిన కార్బన్ డైసల్ఫైడ్‌లో చాలా భాగం, దానితోపాటు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు బయటికి వస్తాయి. పోగును సాగదీసి, గంధకం పోయేలా కడిగి, తెల్లబరిచి, ఆరబెడతారు. పొడవుగా అలాగే చుడితే పట్టులా మెరిసే ఫిలమెంట్ దారం. చిన్న ముక్కలుగా కత్తిరిస్తే పత్తిలా వడకడానికి పనికివచ్చే స్టేపుల్ ఫైబర్. మనం కుర్తీలుగా, నైటీలుగా కొనే బట్ట ఎక్కువగా రెండో రకానిది. అదే విస్కోస్‌ను సన్నని చీలిక గుండా పోస్తే సెలోఫేన్ కాగితం వస్తుంది. టైర్లలోని తాడు, శానిటరీ నాప్‌కిన్లలో తడి పీల్చే పొర, తడి తుడుపు గుడ్డలు కూడా ఈ నార వాడకాలే.

ఈ పద్ధతికి 1892లో ఇంగ్లండ్‌లో క్రాస్, బెవన్, బీడిల్ అనే ముగ్గురు రసాయన శాస్త్రజ్ఞులు పేటెంట్ పొందారు. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని నాగ్దాలో గ్రాసిమ్ సంస్థ 1954లో స్టేపుల్ ఫైబర్ తయారీ మొదలుపెట్టింది. తెలుగు నేలకూ ఈ పరిశ్రమతో పాత సంబంధం ఉంది. కాగజ్‌నగర్‌లోని సర్‌సిల్క్ మిల్లు ఎసిటేట్ రకపు కృత్రిమ పట్టు దారం తయారుచేసి 1980ల మధ్యలో మూతపడింది. ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలో గోదావరి పక్కన, ఇప్పటికీ జనం ఏపీ రేయాన్స్ అని పిలుచుకునే కర్మాగారం రేయాన్ గుజ్జు తయారుచేసేది. అక్కడ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఖమ్మం, కృష్ణా, ప్రకాశం జిల్లాల మెట్ట రైతులు పండించే జామాయిల్, సుబాబుల్ కలప గుజ్జు మిల్లులకు పోతుంది కనుక, ఈ నార గురించి మాట్లాడే హక్కు మా ప్రాంతానికి ఉందని భావిస్తున్నాను.

పైన చెప్పిన తయారీలో మీరు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. వెదురుతో మొదలుపెట్టినా జామాయిల్‌తో మొదలుపెట్టినా, కాస్టిక్ సోడాలోనూ కార్బన్ డైసల్ఫైడ్‌లోనూ కరిగి ఆమ్లపు తొట్టిలోంచి బయటికి వచ్చేది ఒకటే సెల్యులోజ్. వెదురు మొక్కకు ఏవైనా ప్రత్యేక గుణాలున్నాయని అనుకున్నా, అవి ఆ పోగులోకి రావు. యంత్రాలతో వెదురును చితక్కొట్టి నేరుగా నార తీసే పద్ధతి లేకపోలేదు. కానీ ఆ బట్ట నారచీరలా గరుకుగా ఉంటుంది, అరుదుగా దొరుకుతుంది. బజారులో మెత్తగా జారే వెదురు బట్ట రేయానే.

పేరు దాచడం వల్ల సామాన్యులకు కలిగే నష్టాలు ఇవి.

1. కొన్నవారి బట్ట పాడవుతోంది. పత్తి తడిస్తే బలపడుతుంది. విస్కోస్ రేయాన్ తడిస్తే తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది. కాటన్ అనుకుని కొన్న గృహిణి దానిని కాటన్‌లాగే బండమీద బాదుతుంది, గట్టిగా పిండుతుంది, బకెట్‌లో నానబెట్టి యంత్రంలో తిప్పుతుంది. మొదటి ఉతుకులోనే కుర్తీ పొట్టిదవుతుంది, కుట్ల దగ్గర పోగులు జారతాయి, కొన్నాళ్లకు మోచేతుల దగ్గర, భుజాల దగ్గర చిరుగుతుంది. దుకాణంలో అడిగితే ఉతకడం చేతకాలేదంటారు. రేయాన్ అని ముందే తెలిస్తే, చల్లటి నీళ్లలో పిండకుండా ఉతికి, నీడలో పరిచి ఆరేసుకునేది. ఆ బట్ట ఏళ్ల తరబడి మన్నేది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. కొన్నవారు ఇంట్లోనే పరీక్షించి తెలుసుకోవడం కష్టం. పట్టును కాలిస్తే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, పాలిస్టర్‌ను కాలిస్తే కరిగి గట్టి పూసలా ముద్దవుతుంది. కానీ పత్తి, రేయాన్ రెండూ సెల్యులోజే కనుక రెండూ కాగితం కాలిన వాసనే వేస్తాయి, రెండూ మెత్తటి బూడిదే మిగులుస్తాయి. పోగును ఒకచోట తడిపి లాగితే తడిచోటే తెగడం రేయాన్ లక్షణం; నేను నా దగ్గరికి వచ్చేవారికి ఈ చిట్కా చెబుతాను. అయితే దుకాణంలో కొనబోయే చీర నుంచి పోగు లాగి చూడడానికి ఎవరూ ఒప్పుకోరు. మిశ్రమ బట్టలో పత్తి ఎంతో రేయాన్ ఎంతో తేల్చాలంటే ఫార్మిక్ ఆమ్లం, జింక్ క్లోరైడ్ ద్రావణంలో రేయాన్‌ను కరిగించి చూడాలి. అది ప్రయోగశాల పని. అందువల్ల ఈ వస్తువు విషయంలో కొనేవారికి ఉన్న ఏకైక రక్షణ దానిమీది చీటీయే.

2. దర్జీలు, అద్దకం పనివారు చేయని తప్పుకు డబ్బు చెల్లిస్తున్నారు. రేయాన్‌ను ముందు తడిపి ఆరేసి, ఆ తరువాతే కత్తిరించాలి. కాటన్ లైనింగ్ మీద రేయాన్ బట్ట వేసి కుడితే, ఉతికిన తరువాత ఒకటి ముడుచుకుని ఇంకొకటి నిలిచి జాకెట్టు వంకరపోతుంది. పట్టు చీర అని చెప్పి ఇచ్చినదానికి పట్టుకు వాడే ఆమ్లపు రంగు వేస్తే ఆ రంగు రేయాన్‌కు పట్టదు. చీర మచ్చలు మచ్చలుగా వస్తుంది, ఆ చీర ధరను అద్దకం మనిషి కూలిలోంచి కోస్తారు. రోజు కూలి మీద బతికే ఈ పనివారికి ఒక్క చీర ఖరీదు వారం సంపాదన. వారి చేతికి బట్ట వచ్చేసరికి చీటీ ఉండదు, ఇచ్చినవారికి కూడా నిజం తెలియదు. అందుకే వారి గోడు ఎక్కడా నమోదు కాదు.

3. చేనేత, కలంకారీ కుటుంబాలు పోటీలో ఓడిపోతున్నాయి. పెడనలో బట్టను కరక్కాయ, గేదె పాలలో ముంచి, పటికతోనూ, ఇనుము బెల్లం ఊరబెట్టిన నలుపుతోనూ అచ్చులు కొట్టి, ఉడికించి, కాలువ నీటిలో ఉతికి, ఎండబెట్టి కలంకారీ చేస్తారు. అవే నమూనాలను రేయాన్ మీద స్క్రీన్ ప్రింటింగ్‌లో దించి, పక్కపక్కనే పెట్టి, రెండింటినీ కలంకారీ అనే అమ్ముతున్నారు. పోచంపల్లి ఇక్కత్‌లో పోగును ముందే కట్టి రంగులద్ది నేస్తారు కనుక బొమ్మ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. రేయాన్ మీద అచ్చేసిన ఇక్కత్ వెనుక వైపు వెలిసిపోయి ఉంటుంది. ఈ తేడా తెలిసిన కొనుగోలుదారులు కొద్దిమందే. ఈ రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉన్నా, దుకాణంలో ఆ గుర్తింపు చూపించమని అడిగే అధికారి కనబడడు. పట్టు విషయంలో సిల్క్ మార్క్ 2004 నుంచి ఉండడం వల్ల ధర్మవరం నేతకారుడికి కనీసం చూపించుకోవడానికి ఒక ముద్ర ఉంది. కానీ ఆ ముద్ర లేని చీర నిజానికి ఏమిటో చెప్పే ముద్ర మాత్రం లేదు. ఆర్ట్ సిల్క్, మోడల్ సిల్క్, బనానా సిల్క్ అంటూ సిల్క్ అనే మాటతో ముగిసే పేర్లు ఎన్ని పెరిగితే, పట్టు పురుగును పెంచే రైతుకూ పట్టు నేసే ఇంటికీ అంత నష్టం.

4. కార్మికుల ఆరోగ్యం కనబడకుండా పోతోంది. ఈ అంశం మీద నేను ఎక్కువసేపు నిలవక తప్పదు. కార్బన్ డైసల్ఫైడ్ 46 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, గాలికన్నా బరువైన ఆవిరిగా కిందికి పరుచుకుంటుంది. దానిని ఏళ్ల తరబడి పీల్చినవారిలో కాళ్లు చేతులు తిమ్మిరెక్కడం, నరాలు దెబ్బతినడం, నిద్రలేమి, కోపతాపాల్లో విపరీతమైన మార్పు, తీవ్రమైతే మతిభ్రమణం కలుగుతాయని రేయాన్ రాకముందే, రబ్బరు పరిశ్రమలో 19వ శతాబ్దం నాడే వైద్యులు గుర్తించారు. బ్రిటన్‌లో విస్కోస్ కార్మికుల మీద 1968లో వెలువడిన అధ్యయనం వారిలో గుండె జబ్బు మరణాలు ఎక్కువని చూపింది. దక్షిణ కొరియాలో వోన్జిన్ రేయాన్ కర్మాగారం జపాన్‌లో వాడి తీసేసిన యంత్రాలతో నడిచి 1993లో మూతపడింది. అక్కడ ఈ విషప్రభావానికి గురైనట్టు అధికారికంగా గుర్తింపు పొందిన కార్మికులు తొమ్మిది వందల పైచిలుకు. వారిలో చాలామందికి ఆ గుర్తింపు కర్మాగారం మూతపడిన తరువాతే దక్కింది. తరువాత ఆ యంత్రాలు చైనాకు వెళ్లాయి.

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్బన్ డైసల్ఫైడ్ విషప్రభావాన్ని తప్పనిసరిగా తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. అంటే కర్మాగారపు మేనేజరు, చికిత్స చేసిన వైద్యుడు ఇద్దరూ ప్రభుత్వానికి తెలపాలని ఆ చట్టం నిర్దేశించింది. అదే చట్టం రెండో షెడ్యూలు ఎనిమిది గంటల సగటుగా గాలిలో పది లక్షల పాళ్లలో 10 పాళ్ల కార్బన్ డైసల్ఫైడ్‌ను అనుమతించింది. యూరప్ 2009లో ఈ పరిమితిని 5కు తగ్గించింది. అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ 2006 నుంచి 1 మాత్రమే సురక్షితమని సిఫార్సు చేస్తోంది. కార్మికుడి నరాలు ఏ దేశంలోనైనా ఒకటే కనుక ఈ తేడాకు శాస్త్రంలో సమర్థన లేదు. ఇక ఈ విషయానికీ చీటీకీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. బట్ట మీద వెదురు ఆకు బొమ్మ వేసి ప్రకృతి ఇచ్చిన బట్ట అని రాసినప్పుడు, కొనేవారికి ఆ బట్ట వెనుక కర్మాగారం కనిపించదు, రసాయనం కనిపించదు, అక్కడ షిఫ్టులో నిలబడే మనిషి కనిపించడు. ఆవిరిని పట్టి తిరిగి వాడే యంత్రాల మీద ఖర్చుపెట్టిన మిల్లుకూ పెట్టని మిల్లుకూ బజారులో తేడా లేకుండా పోతుంది. కార్బన్ డైసల్ఫైడ్ అవసరమే లేకుండా, వేరే ద్రావకంలో సెల్యులోజ్‌ను కరిగించి ఆ ద్రావకాన్ని 99 శాతానికి పైగా తిరిగి పట్టుకునే లయోసెల్ పద్ధతి ఉంది. ఆ మార్గం పట్టిన తయారీదారుడికి అందవలసిన మెప్పు కూడా ఈ గందరగోళంలో అందడం లేదు.

వెదురు పేరు ఎంత అమాయకంగా వినిపించినా దానికి మన పక్కనే ఒక చరిత్ర ఉంది. కేరళలోని మావూరులో 1960లలో మొదలైన రేయాన్ గుజ్జు కర్మాగారం అడవి వెదురుతోనే నడిచింది. చాలియార్ నదిలో చేపలు చచ్చి, నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోవడంతో ఆ తీరంలోని వళక్కాడ్ గ్రామస్థులు కె.ఎ. రహ్మాన్ నాయకత్వంలో దశాబ్దాల పాటు పోరాడారు. ఆయన 1999లో కేన్సర్‌తో మరణించారు. కర్మాగారం ఆ తరువాత శాశ్వతంగా మూతపడింది. పనిపోయిన కార్మికులదీ నీళ్లు పోయిన గ్రామస్థులదీ రెండు వైపులా నష్టమే.

5. అగ్ని ప్రమాదం. రేయాన్ పత్తిలాగే త్వరగా అంటుకుంటుంది. పలుచగా, వదులుగా, నూగు లేపి ఉంటే ఇంకా త్వరగా. అమెరికాలో నూగు రేయాన్ దుస్తులు అంటుకుని ప్రమాదాలు జరిగిన తరువాతే 1953లో మండే బట్టల చట్టం తెచ్చారు. వదులు చేతుల రేయాన్ నైటీతో గ్యాస్ పొయ్యి ముందు నిలబడే స్త్రీకి ఈ మాట చెప్పే చీటీ మన బజారులో నాకు కనబడలేదు.

ఈ సమస్యకు కొత్త చట్టం చేయనవసరం లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. బట్టలో ఏ నార ఎంత శాతమో ముద్రించాలన్న ఆలోచన 1988 నాటి జౌళి వినియోగదారుల రక్షణ నిబంధనల్లోనే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేసే అధికారం ప్రాధికార సంస్థకు ఇచ్చింది. పర్యావరణం పేరుతో చేసే మోసపు ప్రచారాన్ని అరికట్టడానికి అదే సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు వెలువరించింది. రేయాన్‌ను వెదురు బట్టగా అమ్మడం ఈ మార్గదర్శకాలు ఉద్దేశించిన తప్పులలో ఒకటి కాకపోతే మరేది అవుతుందో నాకు తెలియడం లేదు.

ఇతర దేశాలు ఇంతమాత్రం చేసి చూపించాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010లో 78 మంది వ్యాపారులకు హెచ్చరిక లేఖలు పంపింది. ఆ తరువాత కూడా రేయాన్‌ను వెదురు అని అమ్మినందుకు 2013లో అమెజాన్, మేసీస్, సియర్స్, లియాన్ మాక్స్ సంస్థలు కలిపి 12.6 లక్షల డాలర్లు, 2022లో కోల్స్, వాల్‌మార్ట్ కలిపి 55 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. యూరప్‌లో 2011 నాటి నిబంధన ప్రకారం విస్కోస్, మోడల్, లయోసెల్, క్యూప్రో అని ఈ కుటుంబంలోని ఒక్కో నారకు ఏ పేరుకు ఆ పేరు, దాని శాతంతో సహా రాయాలి.

చిన్న దుకాణదారుకు తాను అమ్మే బట్ట ఏమిటో తెలియదని, అతనిని శిక్షించడం అన్యాయమని వ్యాపార సంఘాల వారు అంటారు. ఆ మాటలో నిజముంది. నేను కూడా చిన్న దుకాణదారును దోషిగా నిలబెట్టమని కోరడం లేదు. కానీ సమాచారం లేక కాదు ఈ మోసం జరుగుతున్నది. మిల్లు నుంచి బేలు బయటికి వచ్చినప్పుడు దానిమీద విస్కోస్ అని రాసి ఉంటుంది. నూలు కోన్ మీదా ఉంటుంది. జీఎస్‌టీ బిల్లులో సరుకు రకాన్ని తెలిపే హెచ్ఎస్ఎన్ కోడ్ ఉంటుంది: నూలు బట్ట 5208, పట్టు బట్ట 5007, రేయాన్ వంటి కృత్రిమ స్టేపుల్ నారతో నేసిన బట్ట 5516, కృత్రిమ ఫిలమెంట్ దారంతో నేసినది 5408. అంటే టోకు వ్యాపారి పన్ను కట్టేటప్పుడు ప్రభుత్వానికి నిజమే చెబుతున్నాడు. అదే బట్ట కౌంటరు మీదికి వచ్చేసరికి పేరు మారుతోంది. ప్రభుత్వానికి తెలిసిన నిజం, డబ్బిచ్చి కొనే మనిషికి మాత్రం ఎందుకు తెలియకూడదు? ఈ ప్రశ్నకు మీ నుంచి సమాధానం ఆశిస్తున్నాము.

మా కోరికలు ఇవి.

1. థానుగా అమ్మే బట్టకు అంచు మీద, కుట్టిన దుస్తులకు లోపలి చీటీ మీద, ప్రతి నార పేరూ శాతమూ తెలుగు రాష్ట్రాలలో తెలుగులో కూడా ఉండేలా చూడాలి. రేయాన్ అయితే రేయాన్ లేదా విస్కోస్ అనే రాయాలి. చల్లటి నీటిలో ఉతకాలి, పిండకూడదు అన్న సూచన దాని పక్కనే ఉండాలి. చేనేత సహకార సంఘాలకూ ఇంట్లో నేసే చిన్న నేతకారులకూ ఈ ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

2. వెదురు, అరటి, గులాబీ వంటి మొక్కల పేర్లనూ, సిల్క్ అనే మాటనూ రేయాన్‌కు విశేషణంగా వాడడాన్ని నిషేధించాలి. వాడదలచుకుంటే రేయాన్ అనే పేరు అంతే పెద్ద అక్షరాలలో పక్కన ఉండాలి. సూక్ష్మజీవులను చంపుతుంది, చర్మానికి మందు వంటిది అనే ప్రచారాలకు, ముఖ్యంగా పసిపిల్లల బట్టల విషయంలో, రుజువు చూపించమని అడగాలి.

3. ఇంటర్నెట్‌లో అమ్మే సంస్థలు ప్రతి వస్తువుకూ నార శాతం నింపనిదే అమ్మకానికి పెట్టకుండా చేయాలి. బిల్లులోని హెచ్ఎస్ఎన్ కోడ్‌తో అది సరిపోలుతున్నదీ లేనిదీ చూసుకునే బాధ్యత కూడా ఆ సంస్థలదే కావాలి. ఈ ఒక్క పని వెంటనే చేయదగినది.

4. హైదరాబాద్, విజయవాడలలోని వీవర్స్ సర్వీస్ సెంటర్ల ద్వారా గానీ, టెక్స్‌టైల్స్ కమిటీ ప్రయోగశాలల ద్వారా గానీ, సామాన్యులు బట్ట ముక్క ఇచ్చి నామమాత్రపు రుసుముతో ఏ నారో తెలుసుకునే ఏర్పాటు చేయాలి. ఆ నివేదికను వినియోగదారుల కమిషన్లు సాక్ష్యంగా స్వీకరించాలి. దర్జీలకూ అద్దకం పనివారికీ ఈ పరీక్ష ఉచితంగా చేయాలి.

5. కలంకారీ, ఇక్కత్ పేర్లతో అచ్చు బట్ట అమ్మే దుకాణాలను రెండు రాష్ట్రాల చేనేత జౌళి శాఖలు పండుగల సీజనుకు ముందు తనిఖీ చేసి, ఎన్ని తనిఖీలు చేశారో, ఏమి తేలిందో ప్రకటించాలి.

6. కార్బన్ డైసల్ఫైడ్ పరిమితిని ముందు 5కు, నిర్ణీత గడువులో 1కి తగ్గించే ప్రతిపాదనను జౌళి మంత్రిత్వ శాఖ కార్మిక శాఖ ముందు ఉంచాలి. రేయాన్ కర్మాగారాలలో గాలి కొలతలను బయటపెట్టాలి. మూతపడిన వాటితో సహా అన్ని రేయాన్ కర్మాగారాలలో పనిచేసి మానేసినవారికి, పదవీ విరమణ చేసినవారికి నరాలు, గుండె, కంటి పరీక్షలు ప్రభుత్వ ఖర్చుతో చేయించాలి. లక్షణాలు పని మానేశాక బయటపడినా పరిహారం దక్కేలా చూడాలి.

7. ఇది ఎవరి పరిధి అన్న ప్రశ్నకు తెర దించుతూ, ప్రతి రాష్ట్రంలో నార చీటీ ఫిర్యాదులకు ఒకే అధికారిని నియమించి, ఆయన పేరును, కార్యాలయ చిరునామాను 1915 వినియోగదారుల సహాయవాణిలో అందుబాటులో ఉంచాలి.

వీటిలో కొన్నింటికి డబ్బు కావాలి, కొన్నింటికి ఇతర శాఖల సమ్మతి కావాలి, ఆరో కోరికకు సమయం పడుతుంది. అది మాకు తెలుసు. కానీ రెండవదానికీ మూడవదానికీ ఏడవదానికీ ఒక ఉత్తర్వు చాలు. ఆ మూడింటి మీద మీ నిర్ణయాన్ని అరవై రోజులలోగా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము. కాదనే నిర్ణయమే అయితే దానికి కారణం కూడా రాతలోనే చెప్పండి. పై అధికారులకు నివేదించుకోవడానికి మాకు అది అవసరం. అర్జీతో జతపరిచిన బట్ట ముక్కల జతలు ఇంకా మా దగ్గర ఉన్నాయి. వాటిని పరీక్షించడానికి మీరు పంపే ఏ అధికారికైనా, ఏ ప్రయోగశాలకైనా బిల్లులతో సహా అప్పగిస్తాము.

భవదీయుడు,
విశ్రాంత జౌళి రసాయన శాస్త్ర అధ్యాపకుడు,
అర్జీపై సంతకం చేసిన దర్జీలు, అద్దకం పనివారు, వినియోగదారుల తరఫున,
కృష్ణా జిల్లా, ఆంధ్రప్రదేశ్.